గడి మీది అంకె చదివియ్యాలె: ఇంట్ల ఆడుకునే లెక్కలు

మా అక్క కొడుకుకు ఐదేండ్లు. ఒకటి నుంచి యాభై దాకా ఆగకుండ అప్పజెప్తడు. మొన్న జగిత్యాల పోయినప్పుడు వాని ముందట తొమ్మిది చింతగింజలు పోసి "ఎన్నున్నయిరా?" అన్న. వేలు ఒక దిక్కు, నోరు ఒక దిక్కు పోయినయి. పదమూడు అన్నడు! అంటే వానికొచ్చింది లెక్క కాదు, పాట.

మా అక్కేమో "మాకే లెక్కలు రావు, వానికేం చెప్తం, ట్యూషన్ల ఎయ్యాలె" అంటది. అదే అక్క ముచ్చట పెట్టుకుంటనే కట్టకు ఇరవై ఐదు బీడీలు లెక్కవెట్టి కడ్తది. వెయ్యి బీడీలంటే నలభై కట్టలని నిద్రల లేపి అడిగినా చెప్తది. లెక్కలు రాకపోవుడంటే గిదేనా?

ట్యూషన్ కంటే ముందు ఒక ఆట చూడున్రి. అమెరికాల రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు 2008ల ఒక ప్రయోగం గురించి రాసిన్రు. పేద ఇండ్ల చిన్నపిల్లలతోని, ఒకటే వరుసల పది గడులు, 1 నుంచి 10 దాకా అంకెలున్న బోర్డు మీద ఆడించిన్రు. రెండు వారాలల్ల నాలుగుసార్లు, అంతే. ఏ అంకె పెద్దది, ఏది చిన్నది అనేది పిల్లలకు మంచిగ తెలిసొచ్చింది. తొమ్మిది వారాల తర్వాత చూసినా మర్చిపోలే. అంకెలు లేని రంగుల గడుల మీద ఆడినోళ్లకు ఆ లాభం రాలే.

మనకు బోర్డు కొనే పని లేదు. అర్ర ముందట చాక్‌పీసుతోని పది గడులు గియ్యున్రి, అంకెలెయ్యున్రి. రూపాయి బిళ్ల ఎగరెయ్యాలె. బొమ్మ పడితే ఒక గడి, బొరుసు పడితే రెండు. అసలు కిటుకు ఇక్కడుంది. కాయ నాలుగుల ఉంది, రెండు పడ్డది అనుకోండి. పిల్లలు "ఒకటి, రెండు" అనుకుంట జరుపుతరు. అట్ల కాదు, "ఐదు, ఆరు" అని గడి మీది అంకె చదివియ్యాలె. రాకపోతే మనమే చెప్పాలె, కసరొద్దు.

ఆదిలాబాద్ దిక్కు గోండి మాట్లాడే ఇండ్లల్ల అయితే ముందు గోండిలనే లెక్కవెట్టనియ్యున్రి. నాలుగును "నాలుంగ్" అనుడు వచ్చిన పిల్లకు తెలుగు అంకె ఎంత దూరం?

ఇది వచ్చినంక అష్టాచెమ్మా. ఐదు అడ్డం, ఐదు నిలువు, ఇరవై ఐదు గడులు. నాలుగు గవ్వలల్ల ఎన్ని వెల్లకిల పడితే అన్ని. నాలుగూ పడితే చెమ్మా, అంటే నాలుగు. అన్నీ బోర్ల పడితే అష్టా, ఎనిమిది. మరి ఏడు ఎందుకు పడదు? పిల్లలనే అడుగున్రి, గవ్వలు తిప్పి తిప్పి చూస్తరు. "అమ్మమ్మ కాయను చంపాలంటే నీకెంత పడాలె?" అని కూడ అడుగున్రి. తీసివేత అని పేరు చెప్పకుండనే చేసేస్తరు, ఎందుకంటే అమ్మమ్మను ఓడగొట్టాలె కద!

ఒక్క మాట, ఇంట్ల మూడేండ్ల లోపు పిల్లలుంటే గవ్వలు, గింజలు, బిళ్లలు అందనియ్యకున్రి. నోట్ల, ముక్కుల పెట్టుకుంటరు.

నిన్న వీడియో కాల్‌ల మావోడు ఎనిమిదో గడిల ఉన్నడు. బిళ్ల ఎగరేసే ముందే అన్నడు: "మామా, రెండు పడితే గెలుస్త. ఒకటి పడితే తొమ్మిదిల ఉంట." ఒకటే పడ్డది. మల్ల ఎగరేసిండు.