నేలమాళిగలో దారి వెతకడం: ఈ ఆటలో ఆనందం ఎక్కడిది?

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక గళ్ల కాగితం, పెన్సిలు, రబ్బరు దగ్గర పెట్టుకోండి. మధ్యలో వాటితో పని ఉంటుంది.

కంప్యూటర్ ఆటల్లో రోల్ ప్లేయింగ్ ఆటలు అనే ఒక రకం ఉన్నది. వీటిలో ఆడేవారు యోధుడు, మంత్రగాడు, దొంగ వంటి పాత్రలను స్వీకరించి కథలో ముందుకు సాగుతారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో అమెరికాలో వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ ఆటలకు మూలం. దానిని కాగితం, పాచికలతో ఆడేవారు. డంజన్ అంటే కోట అడుగున ఉండే చీకటి చెరసాల. ఆటల్లో ఈ మాట అర్థం విస్తరించి గుహలు, సమాధులు, పాడుబడిన గుళ్లు కూడా డంజన్లే అయ్యాయి. మనం నేలమాళిగ అందాం.

నేలమాళిగలో రాక్షసులను చంపడం వల్ల, నిధి దొరకడం వల్ల ఆనందం కలుగుతుందని చాలామంది అనుకుంటారు. ఇది సగం నిజం. ఈ రెండూ ఆటలో అడవిలోనూ దొరకవచ్చు. నేలమాళిగలోనే దొరికేది వేరొకటి ఉన్నది. దానిని ఒక ఆట సాయంతో పరిశీలిద్దాం.

1981లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం 'విజార్డ్రీ' అనే ఆట విడుదలయింది. దీనిని రూపొందించినవారు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్. ఆటలో ఒక ఊరు, ఆ ఊరి అడుగున పది అంతస్తుల నేలమాళిగ ఉంటాయి. ఒక్కొక్క అంతస్తు అడ్డంగా 20, నిలువుగా 20 గళ్లు. అంటే అంతస్తుకు 400 గళ్లు, మొత్తం 4,000. ఆరుగురు సభ్యుల జట్టును మీరు నడిపిస్తారు. తెర మీద కనిపించేవి మీ ఎదుట ఉన్న కాసిని గోడలు, తలుపులు మాత్రమే. ఎక్కడ ఉన్నారో ఆట చూపదు. పటం మీరే గీసుకోవాలి.

ఇప్పుడు మీ గళ్ల కాగితం తీసుకోండి. 20 గళ్ల చదరం ఒకటి గీయండి. ఎడమవైపు కింది మూలలో మెట్లు ఉన్నాయి. ఉత్తరానికి ఐదు గళ్లు నడిచారు. అక్కడ తూర్పున తలుపు ఉంది. దాటితే నాలుగు గళ్ల గది. ఇలా ప్రతి అడుగుకూ ఒక గీత గీస్తూ పోతే కాగితం నిండుతుంది. కొన్ని గంటల తరువాత చూస్తే నాలుగు వైపులా గోడలు ఉండి, లోపల ఏమీ గీయని చిన్న ఖాళీ ఒకటి మిగిలిందనుకోండి. అందులోకి తలుపు లేదు. మరి అక్కడ ఏముంది?

ఈ ప్రశ్న కంప్యూటర్ అడిగినది కాదు. మీ కాగితం అడిగింది. వెలుతురు మంత్రం వేసి ఆ గోడల వెంట మళ్లీ నడిస్తే దాగిన తలుపు బయటపడవచ్చు. అది దొరికిన క్షణంలో కలిగే సంతోషం నిధి వల్ల వచ్చేది కాదు. తెలియని చోటును మీ లెక్కతో, మీ చేతితో తెలిసిన చోటుగా మార్చుకున్నారు. లోపల పెట్టె ఖాళీగా ఉన్నా కొంత తృప్తి మిగులుతుంది.

ఆట రూపకర్తలు ఈ లెక్కను తప్పించడానికీ ఉపాయాలు పన్నారు. కొన్ని గళ్లలో అడుగుపెడితే చెప్పకుండానే మీ ముఖం మరో దిక్కుకు తిరిగిపోతుంది. కొన్ని చోట్ల మంత్రపు దీపం కూడా వెలగదు. ఆటగాడు పటం తప్పుగా గీసి, పది నిమిషాల తరువాత గుర్తించి, రబ్బరుతో చెరిపి మళ్లీ మొదలుపెడతాడు. ఇది విసుగు కాదా అని మీరు అడగవచ్చు. విసుగే. కాని మోసం ఏ గడిలో ఉందో పట్టుకున్నవాడిని అడిగి చూడండి.

రెండవ సంగతి తిరిగి రావడం. రామాయణంలో సీతను వెతుకుతున్న వానరులు దాహంతో ఒక చీకటి బిలంలోకి వెళ్తారు. లోపల బంగారు నగరం ఉంది, పండ్లు ఉన్నాయి. కాని తమంతట తాము బయటికి రాలేకపోయారు; స్వయంప్రభ వారిని బయటికి చేర్చే వేళకు రాజు పెట్టిన గడువు దాటిపోయింది. బిలం భయం లోపల ఉన్నదాని వల్ల కాదు, వెనుక మిగిలిన దారి వల్ల.

విజార్డ్రీలో మంత్రాలు లెక్కకు మించి వేయలేరు. అవి మళ్లీ నిండాలంటే ఊళ్లోని సత్రంలో పడుకోవాలి. ఎక్కడున్నామో తెలిపే 'డుమాపిక్' మంత్రం కూడా ఆ లెక్కలోదే. జట్టు అంతా చనిపోతే శవాలు లోపలే ఉంటాయి. కొత్త జట్టును తయారుచేసి, అక్కడి దాకా నడిపి వాటిని మోయించుకు రావాలి. ఇప్పుడు మీ మంత్రగాడికి రెండు మంత్రాలు మిగిలాయి, ఎదుట తెరవని తలుపు ఉంది. తెరుస్తారా, వెనుదిరుగుతారా? నేలమాళిగ ఆట అంతా ఈ ఒక్క ప్రశ్నే అని నా అభిప్రాయం. పోగొట్టుకునేది లేకపోతే తలుపు తెరవడంలో అర్థం లేదు.

అందుకే దగ్గర దారి అంత ఇష్టమవుతుంది. ఈ ఆటలో మొదటి అంతస్తు నుంచి నాలుగు దాకా ఒక లిఫ్టు ఉంది. నాలుగవ అంతస్తులో నీలి రిబ్బను సంపాదిస్తే తొమ్మిది దాకా పోయే మరో లిఫ్టు ఎక్కవచ్చు. భయపడుతూ నడిచిన దారి ఒక్క క్షణంలో దాటిపోతుంది. 2011లో జపాను నుంచి వచ్చిన 'డార్క్ సోల్స్'లో కూడా ఇటువంటి లిఫ్టే ఉంది: ఎంతో కష్టపడి పైనున్న చర్చికి చేరాక, దానిలో దిగితే మొదట బయలుదేరిన గుడి దగ్గరే తేలతారు. దూరమనుకున్నది పక్కనే ఉందన్నమాట.

1980లో వచ్చిన 'రోగ్' ఆట వేరే దారి పట్టింది. అందులో నేలమాళిగ ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది; పటం దాచుకుని లాభం లేదు. ఏ రంగు రసం గాయం మాన్పుతుందో, ఏది విషమో కూడా ప్రతి ఆటలో మారుతుంది. తాగి చూడాల్సిందే. ఇక్కడ ఆటగాడు నేర్చుకునేది చోటును కాదు, తెలియనిదానితో మెలగే పద్ధతిని.

తరువాతి ఆటలు చాలావరకు పటాన్ని తామే గీసి ఇచ్చాయి, పోవలసిన చోట బాణం గుర్తు కూడా పెట్టాయి. పని చేసి అలసి వచ్చి అరగంట ఆడేవారికి ఇది మేలే. అయితే బాణం వెంట నడిచేవాడు బాణాన్నే చూస్తాడు, గోడలను చూడడు. 2007లో అట్లస్ సంస్థ నింటెండో డీఎస్ కోసం తెచ్చిన 'ఎట్రియన్ ఒడిస్సీ' ఈ సంగతి గుర్తించింది. పటం గీయడం యంత్రానికి ఎంతో సులువైన కాలంలో, కింది తెర మీద పుల్లతో గోడలు, తలుపులు మీరే గీయాలని పెట్టింది. అదే ఆ ఆట ప్రత్యేకత అయింది.

చేసి చూడండి: మీరు గీసిన చదరంలో ఒక అంతస్తు పూర్తిచేయండి. ఒక దాగిన గది, ఒక దగ్గర దారి, దిక్కు మార్చే గడి ఒకటి పెట్టండి. ఆ కాగితం చూపకుండా మీ స్నేహితునికి ఎదుట కనిపించే గోడలను మాత్రమే నోటితో చెప్పండి. అతడు వేరే కాగితం మీద గీసుకుంటాడు. అతడు మొదటిసారి రబ్బరు ఎక్కడ వాడాడో మీ పటంలో గుర్తు పెట్టండి.