వంటయింటిలోని అడుగులు

ఉదయమున పొయ్యి వెలిగించినది మొదలు రాత్రి గిన్నెలు బోర్లించువఱకు మనము వంటయింట నెన్ని అడుగులు వేయుచున్నామో యెన్నడైన లెక్కించితిమా? పప్పుడబ్బా యొక మూల, పోపులపెట్టె వేఱొక మూల, నీళ్లబిందె గడప దగ్గఱ. సాయంకాలమునకు కాళ్లు లాగుచున్నవని చెప్పుకొందుము గాని, ఆ నొప్పికి కారణము వయస్సో, వంటయింటి యమరికయో విచారింపము. అమెరికాలో నొక విదుషి యీ విచారణయే చేసెను.

ఆమె లిలియన్ గిల్‌బ్రెత్. 1878లో కాలిఫోర్నియాలో జన్మించి, 1915లో బ్రౌన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందెను. భర్త ఫ్రాంక్ తాపీపనితో జీవిత మారంభించినవాడు. ఒక్కొక్క యిటుక పేర్చుటకు 18 కదలికలు పట్టుచుండగా, ఇటుకలను చేతి కందు నెత్తున నుంచి, వానిని ఐదింటికి దించెను. వంగి లేచుట తప్పినది. పనివానిని తొందరపెట్టుట గాదు, పనినే సరిదిద్దవలెనని ఆ దంపతుల మతము. ఇరువురును కలిసి కర్మాగారములకు సలహా లిచ్చుచుండిరి. అయినను 1914లో ఆమె గ్రంథ మచ్చయినప్పుడు, వ్రాసినది స్త్రీయని తెలియకుండ ఆమె పేరునకు పొడియక్షరములే వేసిరి.

1924 జూన్‌లో ఫ్రాంక్ హఠాత్తుగా మరణించెను. ఇంట పదునొకండుగురు బిడ్డలు. భర్త పోవలసియున్న లండను, ప్రాగు సభలకు ఆమె కొలదిదినములలోనే ఓడయెక్కెను. కాని అంతవఱకు దంపతుల సలహా గోరిన సంస్థలు పెక్కు, ఒంటరి స్త్రీతో ఒడంబడిక కిష్టపడలేదు. కర్మాగారపు వాకిలి మూసినవారు వంటయింటి వాకిలి మాత్రము తెఱచియుంచిరి. అది స్త్రీకి తగిన చోటని వారి యూహ కాబోలు! ఆమె ఆ వాకిటనే ప్రవేశించెను.

1929లో బ్రూక్లిన్‌లోని యొక గ్యాసు కంపెనీకై ఆమె యొక నమూనా వంటగది సిద్ధపఱచెను. పొయ్యియు, కూరలు తరుగు బల్లయు ప్రక్కప్రక్కనే. పైని సరకుల బీరువా, క్రింద గిన్నెలు. తొట్టియు శీతలపేటికయు దగ్గఱలోనే. బల్ల చాలనప్పుడు లాగుకొనుటకు చక్రముల బండి యొకటి. స్ట్రాబెరీ పండ్లతో ఒకే తినుబండారమును పాత పద్ధతి వంటగదిలోను, ఇందులోను చేయించి చూచిరి. అచ్చట 281 అడుగులు నడువవలసివచ్చెను. ఇచ్చట 45 మాత్రమే.

ఇందొక వింత గలదు. ఆమె వంటలో ప్రవీణురాలు కాదు; ఆ యింట వంట యితరులు చేయుచుండిరి. తనకు తెలియదని తెలిసినందుననే కాబోలు, తెలిసినవారిని అడిగెను. బల్ల యెంత యెత్తుండిన నడుము నొప్పి పుట్టదో తెలిసికొనుటకు నాలుగువేలకు పైగా స్త్రీలను ప్రశ్నించెను. పొట్టివారు పీటయెక్కి కూర కలుపు గట్టులు నేటికిని మన యిండ్ల నున్నవి. వానిని కట్టించినవారు ఒక్క యింటి యిల్లాలినైన అడిగిరో లేదో!

జర్మనీలో 1926లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ యను వాస్తుశిల్పి ఫ్రాంక్‌ఫర్టు నగరపు గృహములకై ఇట్టి వంటగదినే కల్పించెను. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.9 మీటర్లు. అట్టివి సుమారు పదివేలు కట్టిరి. పిండికి పురుగు పట్టకుండ ఓకు కఱ్ఱ సొరుగులు, పంచదారకు బియ్యమునకు పేర్లు చెక్కిన అల్యూమినియపు సొరుగులు ఆమె బుద్ధికౌశలమే. కాని రెండవ మనిషి నిలుచుటకు చోటు లేదు. పిల్లల చేతికి సొరుగులందును. తానెన్నడును వంట చేసి యెఱుగనని ఆమెయే తరువాత నొప్పుకొనెను.

పరీక్షింపగోరువారికి ఖర్చులేని యుపాయ మొకటి గలదు. వంటయింటి పటము కాగితముపై గీసి, పొయ్యి, తొట్టి, డబ్బాలున్న చోట్ల గుండుసూదులు గ్రుచ్చి, మీరు నడచునప్పుడెల్ల పిల్లలచే సూదినుండి సూదికి దారము చుట్టింపుడు. మా యింట నొక పూటకే నూలుండ సగమాయెను. ఉప్పుజాడీ వైపు పోగులు త్రాడువలె పేనుకొనినవి. నాటి సాయంకాలమే జాడీ పొయ్యి ప్రక్కకు వచ్చినది. మా అత్తగారు మాత్రము మఱి రెండువారములు పాతచోటికే పోయి వెదకిరి.