పాత పెళ్లి డీవీడీని ఫైల్‌గా మారుస్తున్నారా? సైజు కాదు, క్వాలిటీ సెట్ చేయండి

ఫ్రెండ్స్, మీ ఇంట్లో కూడా బీరువా మీద పెళ్లి డీవీడీలు ఉండే ఉంటాయి. ఈ వారమే వాటిని కిందికి దించండి. మా పిన్ని పెళ్లి 2006లో తాడేపల్లిగూడెంలో జరిగింది. పెళ్లయ్యాక అందరూ కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి వెళ్లి, కొల్లేట్లో పడవెక్కారు. డిస్క్ చివర్లో ఆ పడవలో తాతయ్య మాట్లాడే నాలుగు నిమిషాలున్నాయి. ఆయన గొంతు మాకు ఇంకెక్కడా లేదు.

స్టూడియోవాళ్లు ఇచ్చేవి ఎక్కువగా డీవీడీ-ఆర్ డిస్కులే. వీటిలో డేటా ఒక రసాయన రంగు పొరలో ఉంటుంది. వేడి, వెలుతురు, తేమ తగిలితే ఆ పొర పాడైపోతుంది. పైకి బాగానే కనిపించే డిస్క్ కూడా ఒకరోజు ఓపెన్ అవ్వదు.

స్టెప్ 1: ముందు కాపీ

డిస్క్‌ని మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. చదవకపోతే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి, చాలాసార్లు పని చేస్తుంది.

స్టెప్ 2: హ్యాండ్‌బ్రేక్

ఇది ఫ్రీ సాఫ్ట్‌వేర్. వీఓబీ ఫైళ్లను ఒక్కొక్కటిగా కాకుండా ఫోల్డర్ మొత్తాన్ని ఓపెన్ చేయండి. పెళ్లి డిస్కులకి సాధారణంగా లాక్ ఉండదు. కొన్న సినిమా డిస్కులకి ఉంటుంది, దాన్ని హ్యాండ్‌బ్రేక్ తీయదు.

నేను చేసిన తప్పు

ఫైల్ చిన్నగా రావాలని యావరేజ్ బిట్‌రేట్ 500 పెట్టాను. మండపం సీన్లు పర్లేదు, ఎందుకంటే కెమెరా స్టాండ్ మీద ఉంది. కొల్లేరు రాగానే తాతయ్య మొహం గళ్లు గళ్లుగా విరిగిపోయింది. కోడెక్ ముందు ఫ్రేమ్‌తో పోల్చి, మారినదాన్నే ఎక్కువగా దాస్తుంది. నీటి అలలు, గుర్రపు డెక్క ఆకులు, ఊగే పడవ... అక్కడ ప్రతి ఫ్రేమూ మారిపోతుంది. ఇచ్చిన బిట్లు సరిపోలేదు.

అందుకే కాన్‌స్టంట్ క్వాలిటీ ఎంచుకోండి. డీవీడీకి ఆర్ఎఫ్ 18 నుంచి 22 మధ్య బాగుంటుంది, నెంబర్ తగ్గితే క్వాలిటీ పెరుగుతుంది. నేను 20 పెట్టాను. కష్టమైన సీన్‌కి ఎక్కువ బిట్లు, తేలిక సీన్‌కి తక్కువ అదే చూసుకుంటుంది. 4.1 జీబీ డిస్క్ 1.4 జీబీ అయింది, తాతయ్య మొహం స్పష్టంగా ఉంది.

మిగతా సెట్టింగ్స్

వీడియో: హెచ్.264. హెచ్.265తో సైజు ఇంకా తగ్గుతుంది కానీ పాత టీవీల్లో ప్లే అవ్వకపోవచ్చు.
సైజు: 720×576 అలాగే ఉంచండి. 1080పీ చేసినా లేని డీటెయిల్ రాదు.
ఫిల్టర్స్: డీకోంబ్ ఆన్ చేయండి. లేకపోతే కదిలే చోట దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి.
ఆడియో: ఏఏసీ 160.

మొత్తం కన్వర్ట్ చేసే ముందు, బాగా కదలిక ఉన్న ఒక్క నిమిషం టెస్ట్ చేసి చూడండి. అన్నీ అయ్యాక కూడా స్టెప్ 1లో చేసిన కాపీని డిలీట్ చేయొద్దు, రెండు చోట్ల దాచండి. కంప్రెషన్ మళ్లీ చేసుకోవచ్చు, పాడైన డిస్క్‌ని మళ్లీ తెచ్చుకోలేం.