హెలికాప్టర్ ఎక్కువసేపు ఎగరాలంటే పళ్లు లెక్కపెట్టండి

తల్లిదండ్రులారా, మోడల్ హెలికాప్టర్‌కి పెద్ద బ్యాటరీ కావాలని పిల్లలు అడిగితే వెంటనే కొనకండి. బరువూ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ముందు మోటారు మీది చిన్న గేరు, అదే పినియన్, చూడండి.

పెద్ద గేరుకి 150 పళ్లు, పినియన్‌కి 13 ఉంటే రెక్కలు ఒక చుట్టు తిరగడానికి మోటారు సుమారు 11.5 చుట్లు తిరగాలి. 11 పళ్లది వేస్తే 13.6. రెక్కల వేగం 15 శాతం దాకా తగ్గుతుంది. రెక్కలు గాలిని కోయడానికి పోయే శక్తి వేగం ఘనంతో మారుతుంది కాబట్టి అది 40 శాతం వరకు తగ్గుతుంది (8వ తరగతి వాళ్లు 0.85 ఘనం కట్టి చూడండి!). బరువు మోసే శక్తి మాత్రం తగ్గదు. రెక్కల కోణం కొంచెం పెంచాలి. మరీ నెమ్మదిస్తే తోక మీద పట్టు పోతుంది.

గేరు మార్చాక మొదటిసారి రెక్కలు విప్పేసి, పెద్దవాళ్ల ఎదుటే మోటారు తిప్పండి.