చదరంగ సాధన: రోజుకో గంటను ఎలా వెచ్చించాలి

తెలుగు నేల నుంచి ప్రపంచ చదరంగంలో పేరు తెచ్చుకున్న మేటి క్రీడాకారుల్లో పలువురు మహానగరాల్లో గాక గుడివాడ, గుంటూరు, వరంగల్ వంటి ఊళ్లలో పుట్టినవారే. కోనేరు హంపి తండ్రి అశోక్ శిక్షణలో ఎదిగి, 2002లో 15 ఏళ్ల వయసులో, ఈ ఆటలో అత్యున్నత హోదా అయిన గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొంది, అంత పిన్న వయసులో దానిని సాధించిన మహిళగా హంగరీ క్రీడాకారిణి జూడిత్ పోల్గార్ రికార్డును అధిగమించారు. పెంటేల హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్ అయ్యారు. ఇరిగేశి అర్జున్, ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చూపే అంతర్జాతీయ రేటింగుల 2024 డిసెంబరు జాబితాలో 2801 పాయింట్లతో, విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 మార్కు దాటిన రెండో భారతీయుడిగా నిలిచారు. ఇలాంటివారికి బాల్యం నుంచే దొరికే మార్గదర్శకత్వమూ, ఆటకే అంకితం చేయగల కాలమూ పెద్దయ్యాక ఆట మీద మనసుపడిన ఔత్సాహికుడికి దొరకవు.

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం వంటి మండల కేంద్రంలో ఉద్యోగమో, దుకాణమో, వ్యవసాయమో చూసుకుంటూ చదరంగంలో మెరుగుపడాలనుకునే వ్యక్తికి రోజుకు మిగిలేది మహా అయితే ఒక గంట. పత్తి, మిరపకాయ ఏరుడు పనులు ముమ్మరంగా సాగే నెలల్లో అదీ మిగలదు. కనుక ఎంతసేపు సాధన చేయాలన్నదానికన్నా, ఉన్న గంటలో దేనికి ముందు చోటివ్వాలన్నదే అసలు ప్రశ్న. తీరికలేని రోజుల్లో గంటను పావుగంటకు కుదించుకోవచ్చు గాని పూర్తిగా మానకూడదు.

అనుభవజ్ఞుడైన ఆటగాడికి, కొత్తవాడికి మధ్య తేడా ఎక్కడుందో 1973లో అమెరికన్ పరిశోధకులు విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ ఒక ప్రయోగం ద్వారా చూపారు. నిజమైన ఆటలోని ఒక స్థితిని కొద్ది సెకన్లు చూపి తిరిగి పేర్చమన్నప్పుడు మాస్టర్ స్థాయి ఆటగాడు చాలా పావులను సరిగ్గా పేర్చగా, అవే పావులను ఇష్టం వచ్చినట్లు చెదరగొట్టి చూపినప్పుడు అతడి ఆధిక్యం దాదాపు మాయమైంది. అంటే నిపుణుడి బలం సాధారణ జ్ఞాపకశక్తిలో కన్నా, పావుల అమరికలను గుంపులు గుంపులుగా గుర్తుపట్టే అలవాటులోనే ఎక్కువగా ఉంది. ఉదాహరణకు నల్ల రాజు ఇ8 గడిలో, నల్ల ఏనుగు ఎ8 గడిలో ఉండగా డి5లోని తెల్ల గుర్రం రక్షణ లేని సి7 గడికి దూకితే ఒకేసారి రాజుకు చెక్ చెబుతూ ఏనుగునూ బెదిరిస్తుంది. రాజు తప్పుకోక తప్పదు, ఏనుగు పోక తప్పదు. ఒకే పావుతో రెండింటిపై దాడి చేసే ఈ ఎత్తును ఫోర్క్ అంటారు. ఇటువంటి ఎత్తుగడల లెక్కలను రోజూ ఇరవై నిమిషాలు సాధించడం దినచర్యలో మొదటి భాగం కావాలి. కొత్త లెక్కల వెంట పరుగెత్తడం కన్నా చేసినవాటినే మళ్లీ మళ్లీ, ప్రతిసారీ మరింత వేగంగా చేయడం మేలు. స్వీడన్‌కు చెందిన హాన్స్ టిక్కనెన్ ఈ విధంగానే సాధన చేసి 2010లో గ్రాండ్‌మాస్టర్ హోదాకు కావలసిన అర్హతలు సంపాదించారు. లీచెస్ వంటి ఉచిత వేదికల వల్ల ఈ లెక్కలు నేడు మొబైల్ ఫోను ఉన్న ప్రతివారికీ అందుబాటులో ఉన్నాయి.

అయితే ఔత్సాహికుల్లో అత్యధికులు వదిలేసేదీ, అత్యధిక ఫలితమిచ్చేదీ సొంత ఆటల సమీక్ష. వారానికి ఒక్కటైనా నిదానమైన ఆట, అంటే ఒక్కొక్కరికి కనీసం అరగంట సమయం ఉండే ఆట ఆడి, ప్రతి ఎత్తునూ కాగితంపై రాసుకొని, మరునాడు దానిని బోర్డు మీద తిరిగి నడిపించాలి. ఈ పరిశీలన మొదట కంప్యూటర్ సాయం లేకుండా సాగాలి; ఎందుకంటే యంత్రం సరైన ఎత్తును చెబుతుందే గాని, తప్పు ఎత్తు వేసిన క్షణంలో ఆటగాడి ఆలోచన ఎక్కడ దారి తప్పిందో చెప్పలేదు. ప్రత్యర్థి బెదిరింపును చూడలేదా, చూసీ తొందరపడ్డాడా, గెలుపు ఖాయమనుకొని ఏమరుపాటు చెందాడా అన్నది ప్రతి ఓటమి పక్కనా ఒక వాక్యంలో రాసుకుంటే, పది పదిహేను ఆటలు గడిచేసరికి ఒకటి రెండు లోపాలే పదే పదే కనిపిస్తాయి. ఈ పట్టిక లేకుండా పుస్తకాలు చదవడం, మిరప తోటకు ఏ తెగులు సోకిందో చూడకుండా దుకాణంలో దొరికిన మందల్లా కొట్టడం వంటిది.

మూడో భాగం ఎండ్‌గేమ్, అనగా చాలా పావులు పోయి రాజులూ కొన్ని బంట్లూ మిగిలే ఆఖరి దశ. తెల్ల రాజు ఇ5లో, దాని వెనుక తెల్ల బంటు ఇ4లో, ఎదురుగా నల్ల రాజు ఇ7లో ఉన్న స్థితిని తీసుకుంటే, ఎత్తు వేసే వంతు తెల్లవారిదైతే ఆట సమానంగా ముగుస్తుంది, నల్లవారిదైతే తెల్లవారు గెలుస్తారు. పావులన్నీ అవే అయినా వంతు ఎవరిదన్న ఒక్క అంశంతో ఫలితం మారిపోయే ఈ ఎదురుబొదురు స్థితిని ఆపొజిషన్ అంటారు. దీనిని ఒక వారం పాటు రెండు వైపుల నుంచీ ఆడి వంటబట్టించుకున్నవాడు, బంట్లు మాత్రమే మిగిలేలా పావులను మార్చుకోవాలా వద్దా అన్న నిర్ణయం చాలా ముందుగానే తీసుకోగలుగుతాడు. క్యూబాకు చెందిన మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా సైతం అన్నింటికన్నా ముందు ఈ దశనే అభ్యసించాలని బోధించారు.

ఓపెనింగులు, అంటే ఆట మొదటి పది పన్నెండు ఎత్తుల వరుసలు, ఔత్సాహికుల కాలాన్ని అన్యాయంగా మింగేస్తున్నాయి. తెల్లపావులకు ఒకటి, నల్లపావులకు రెండు వరుసలు ఎంచుకొని, వాటి వెనుక ఉద్దేశం తెలుసుకుంటే చాలు. మూడు నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలు వినోదానికి సరే గాని, వాటిని సాధన గంటలో లెక్కించరాదు.

ఈ విధంగా ఏడాది గడిచాక రేటింగ్ టోర్నమెంటులో పాల్గొనడం అవసరం. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే రేటింగు 1400 నుంచి మొదలవుతుంది. దానిని పొందాలంటే ముందే రేటింగు ఉన్న ప్రత్యర్థులతో కనీసం ఐదు ఆటలు ఆడి, తగిన ఫలితం సాధించాలి. తనకన్నా 200 పాయింట్లు పైనున్నవారితో తలపడేవాడు సగటున నాలుగు ఆటలకు ఒక పాయింటు మాత్రమే ఆశించాలని రేటింగు గణితమే చెబుతుంది కాబట్టి, తొలి పోటీలో ఎదురయ్యే వరుస ఓటములను చూసి వెనక్కి తగ్గవలసిన పని లేదు. ఆ పోటీల్లో ప్రతి ఎత్తునూ రాయడం నిబంధన కాబట్టి, ఇంట్లో ఆడే ఆటలను సైతం ఇప్పటినుంచే కాగితం మీద పెట్టడం మొదలుపెట్టండి.