ఆటలోని పాత్రకు గొంతు: యంత్రమును ఎంచుకొనుట ఎట్లు?

రేడియో నాటకము వినువారికి గొంతు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. రంగస్థలము మీద వేషము, దీపము, తెర కొంత పని చేయును. రేడియోలో పాత్ర పుట్టుట, పెరుగుట, మరణించుట అంతయు గొంతులోనే జరుగును. ఇప్పుడు మన యిండ్లలోని యువకులు ఆడుకొను వీడియో గేములలోను ఇదే ప్రశ్న తలయెత్తినది. పాత్రకు గొంతు ఎచ్చటి నుండి తేవలెను? నటుని పిలువవలెనా, యంత్రముతో పలికింపవలెనా? యంత్రమే అయినచో ఏ యంత్రము? ఈ విషయమును గూర్చి మాకు తెలిసిన నాలుగు మాటలు ఇచ్చట మనవి చేయుచున్నాము.

ముందుగా 'మాడ్' అననేమో తెలిసికొందము. ఒక సంస్థ విడుదల చేసిన ఆటకు, ఆడువారే క్రొత్త ఊళ్లను, క్రొత్త కథలను, క్రొత్త పాత్రలను చేర్చుటను మాడ్ అందురు. అమెరికాలోని బెథెస్డా సంస్థ 2011లో విడుదల చేసిన 'స్కైరిమ్' అను ఆట ఇందుకు పేరు పొందినది. అందులో 60,000కు పైగా సంభాషణ పంక్తులు కలవు. వానిని పలికినవారు సుమారు 70 మంది నటులు. ఇట్టి మాటలాడు లోకములో ఒక అభిమాని తన క్రొత్త పాత్రను నిలిపినప్పుడు, ఇరుగుపొరుగు పాత్రలన్నియు మాటలాడుచుండగా అది మాత్రము మూగగా నిలుచును. పైగా ధ్వని లేని పంక్తికి తెర మీది అక్షరములు చదువులోపలనే మాయమగును. ఆ అక్షరములను కొంతసేపు నిలిపియుంచుటకే వేరొక చిన్న మాడ్ పుట్టినదన్నచో ఇబ్బంది ఎంతటిదో ఊహింపవచ్చును.

యంత్రము పలుకుట క్రొత్త సంగతి కాదు. 1939లో న్యూయార్క్ ప్రదర్శనలో బెల్ ప్రయోగశాల వారి 'వోడర్' అను యంత్రమును ఒక స్త్రీ మీటలు నొక్కి మాటలాడించినది. 2016లో వచ్చిన 'వేవ్‌నెట్' పద్ధతితో యంత్రపు పలుకునకు మానవ సహజత్వము దగ్గరపడెను. మూడు క్షణముల నమూనా విని ఒకరి గొంతును అనుకరించు పద్ధతిని 2023లో మైక్రోసాఫ్ట్ వారు ప్రకటించిరి. చిక్కు కూడ ఇచ్చటనే మొదలైనది.

నేడు మాడ్ రచయితకు అందుబాటులోనున్న సాధనములను మూడు తెగలుగా చెప్పవచ్చును.

మొదటిది అద్దె సేవ. ఎలెవెన్‌ల్యాబ్స్ వంటి సంస్థలు ఇంటర్నెట్ ద్వారా గొంతును అందించును. వాక్యము పంపినచో ధ్వని తిరిగి వచ్చును. భావము పలికించుటలో ఇవి తరచుగా ముందుండును. అయితే అక్షరముల లెక్కన రుసుము చెల్లింపవలెను. పంక్తికి 60 అక్షరముల చొప్పున 500 పంక్తులకు 30,000 అక్షరములగును. కాని ఏ పంక్తియు మొదటి సారికే కుదురదు. మూడేసి సారులు పలికించినచో లెక్క 90,000కు చేరును. కొనుటకు ముందు ఈ గుణకారము చేసికొనుట మంచిది.

రెండవది మన కంప్యూటరులోనే పనిచేయు ఉచిత సాధనము. 'పైపర్' తేలికయైనది, సామాన్యమైన కంప్యూటరు మీదను నడచును. కాని దానితో కోపతాపములు పలికించుట కష్టము. కోక్వి సంస్థ వారి 'ఎక్స్‌టీటీఎస్' ఆరు క్షణముల నమూనాతో గొంతును అనుకరించును. అయితే దాని అనుమతి పత్రము వ్యాపారమును నిషేధించును. ఆ సంస్థ 2024 ఆరంభమున మూతపడినది. కనుక వ్యాపారానుమతిని ఆ సంస్థ నుండి కొనుటకు వీలు లేకపోయినది. ఉచితము అన్న మాటకును, ఏమైనను చేసికొనవచ్చును అన్న మాటకును గల భేదము ఇందువలన తెలియును.

మూడవది 'ఎక్స్‌వీఏసింత్' వంటి, మాడ్‌ల కొరకే పుట్టిన సాధనము. ఆటలోని పాత గొంతులతోనే దీనికి శిక్షణ యిచ్చినందున క్రొత్త పాత్ర పాత లోకములో ఇట్టే కలిసిపోవును. ప్రతి అక్షరము యొక్క స్థాయిని, నిడివిని చేతితో సవరింపవచ్చును. సౌకర్యము గొప్పదే; కాని ఆ గొంతు మరియొకరిది. ఈ సంగతికి మరల వత్తుము.

సాధనమును పరీక్షించుట ఎట్లు? ప్రదర్శన కొరకు సంస్థలు వినిపించు తీయని వాక్యములను నమ్మరాదు. మన కథలోనుండియే అయిదు పంక్తులు ఎంచి, అన్ని సాధనములతోను అవే పలికించి పోల్చవలెను. ఒకటి మామూలు పలకరింపు. ఒకటి కోపముతో అరచు మాట. ఒకటి దుఃఖము. ఒకటి ఎత్తిపొడుపు. ఒకటి వింత పేర్లు గలది. "నీవు వచ్చితివా!" అన్న రెండు మాటలను మన ఇండ్లలో ఆదరముతో అనవచ్చును, ఆశ్చర్యముతో అనవచ్చును, నిష్ఠూరముతోను అనవచ్చును. మూడును ఒకే తీరున పలుకు యంత్రము వార్తలకు పనికివచ్చునేమో గాని నాటకమునకు పనికిరాదు. ఇక పేర్ల సంగతి: స్కైరిమ్‌లో సామంతుని 'యార్ల్' అందురు. ఇంగ్లీషు వ్రాతను బట్టి యంత్రము 'జార్ల్' అనవచ్చును. అట్టి పేరును వినబడు తీరున మార్చి వ్రాసి యిచ్చిన సరిపడును.

ధ్వని నాణ్యమును కూడ చూడవలెను. ఉచిత సాధనములు పెక్కు క్షణమునకు 22,050 లేక 24,000 నమూనాలతో ధ్వని నిచ్చును. స్కైరిమ్ మాడ్‌లకు సాధారణముగా 44,100 నమూనాల ధ్వనిని వాడుదురు. సంఖ్య తక్కువైనచో స, ష వంటి ఊష్మాక్షరములలోని పదును తగ్గి, గొంతు దుప్పటి చాటున పలికినట్లుండును. తరువాత సంఖ్యను పెంచినంత మాత్రమున పోయిన పదును తిరిగి రాదు. పాత పాత్రల ప్రక్కన నిలిపి విన్నప్పుడే ఈ తేడా స్పష్టమగును. ధ్వని సిద్ధమైన పిమ్మట పెదవుల కదలిక ఫైలును తయారుచేసి, రెంటిని ఒకే మూటగా కట్టవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న: ఆ గొంతు ఎవరిది? నటునకు గొంతే పొలము, గొంతే పనిముట్టు. 2023లో స్కైరిమ్ నటుల గళములను అనుకరించి కొందరు అశ్లీలమైన మాడ్‌లు చేయగా, నటులు బహిరంగముగా నిరసించిరి. తాను ఎన్నడును పలుకని మాట తన గొంతుతో లోకమునకు వినవచ్చుట ఎంత బాధయో ఊహింపవచ్చును. అమెరికాలో వీడియో గేముల నటులు 2024 జూలైలో సమ్మెకు దిగి, 2025 జూన్ వరకు సాగించిరి. కృత్రిమ మేధ నుండి రక్షణయే అందు ప్రధానాంశము. మాడ్‌లను పంచు 'నెక్సస్ మాడ్స్' వారు కృత్రిమ గళమును నిషేధింపలేదు గాని, బాధితుని నుండి నమ్మదగిన ఫిర్యాదు వచ్చినచో అట్టి మాడ్‌ను తొలగింపవచ్చునని 2023లో ప్రకటించిరి. అనగా ఏండ్ల తరబడి చేసిన కృషి ఒక్క ఉత్తరముతో పోవచ్చును.

అనుమతితో జరిగిన పనికిని నిదర్శనము కలదు. 'సైబర్‌పంక్ 2077' ఆట పోలిష్ రూపములో నటించిన మివోగోస్ట్ రేచెక్ 2021లో మరణించిరి. 2023లో వచ్చిన అనుబంధ కథకై ఆయన కుటుంబపు సమ్మతి పొంది, వేరొక నటునిచే పలికించి, ఆ పలుకును యంత్రముతో ఆయన గొంతుగా మార్చిరి. ఈ ప్రశ్న మన తెలుగు నాటికిని దూరము కాదు. 'కీడా కోలా' చిత్రములో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గళమును తమ అనుమతి లేకయే యంత్రముతో కల్పించిరని ఆయన కుటుంబము 2024లో నోటీసు పంపెను. అదే సంవత్సరమున ఏ.ఆర్. రహమాన్ ఒక తమిళ గీతమునకు దివంగతులైన ఇద్దరు గాయకుల గళములను వాడినప్పుడు, కుటుంబముల అనుమతి తీసికొని పారితోషికము ఇచ్చితిమని ప్రకటించిరి. యంత్రము ఒకే తీరుదే, నడవడి వేరు.

కావున మా సలహా ఇది. మొదట సాధనమును గాక గొంతును ఎంచుకొనుడు. మీ సొంత గొంతు, లేక వ్రాతమూలకముగా అనుమతించిన మిత్రుని గొంతు, లేక అందరి వినియోగమునకై విడిచిన గొంతు ఉత్తమము. ప్రసిద్ధమైన 'ఎల్‌జే స్పీచ్' ధ్వని సంపుటి సుమారు 24 గంటల నిడివి గలది; ఎవరికిని హక్కులు మిగులని రీతిగా విడుదలైనది. ఆ పిమ్మట అనుమతి పత్రము చదువుడు: ఉచితముగా పంచు మాడ్‌కు చాలిన అనుమతి రేపు అమ్మదలచినచో చాలకపోవచ్చును. అటు తరువాత అయిదు పంక్తుల పరీక్ష. చివరకు ధర. మాడ్ ప్రకటనలో యంత్రగళము వాడినట్లు దాచక తెలుపుడు.

ఒక్క మాట మరువరాదు. 2015లో స్కైరిమ్‌కు వచ్చిన 'ది ఫర్గాటెన్ సిటీ' మాడ్ మానవుల గొంతులతోనే నడచినది; 2016లో ఆస్ట్రేలియా రచయితల సంఘము వారి బహుమతి పొందినది; 2021లో స్వతంత్రమైన ఆటగా వెలువడినది. ఇరువది పంక్తులు పలుకు పాత్రకు యంత్రముతో కుస్తీ పట్టుటకంటె, ఇంటిలోని అక్కయ్యనో పొరుగింటి బాబాయి గారినో మైకు ముందు కూర్చుండబెట్టుట తరచుగా సులభము. వారు పలుకు నిష్ఠూరమును యంత్రమునకు నేర్పుటకు ఎన్ని పూటలు పట్టునో, పట్టి చూచినవారికే తెలియును.