సూరత్ తీరంలో రాత్రి నడక

సూరత్ నగరానికి పడమరగా, తాపీ నది (మన పుస్తకాల్లోని తపతి) అరేబియా సముద్రంలో కలిసే చోటికి ఇరువైపులా ఉన్న డుమస్, భీమ్‌పోర్, హజీరా, సువాలీ వంటి ఊళ్లు పటంలో ఒకదాని పక్కన ఒకటిగా కనిపిస్తాయి, ఒడ్డు వెంట రాత్రిపూట ఒక ఊరి నుంచి మరో ఊరికి నడిచిపోవచ్చనిపిస్తుంది. గ్రీసు దీవుల్లో చీకటి పడ్డాక ఒక పల్లె నుంచి పక్క పల్లెకు ఒడ్డు వెంట నడిచి వెళ్లడం విహారంగా చెప్పుకొనే విషయం. అక్కడి ఏజియన్ సముద్రంలో చాలాచోట్ల నీటిమట్టం ఒక అడుగుకు అటూ ఇటూగా మాత్రమే మారుతుంది కనుక, పగలు నడిచిన దారి రాత్రికి కూడా అలాగే ఉంటుంది, కొత్తగా కావలసింది ఒక దీపమే. సూరత్ తీరంలో ఈ లెక్క చెల్లదు. ఇక్కడ రాత్రి నడిచేవాడు జాగ్రత్తపడవలసింది చీకటి విషయంలో కంటే పోటు విషయంలోనే.

సముద్రపు నీరు ఒడ్డు వైపు పెరగడాన్ని పోటు అనీ, వెనక్కి తీయడాన్ని పాటు అనీ అంటారు. సుమారు 24 గంటల 50 నిమిషాల వ్యవధిలో రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. పోటు మట్టానికీ పాటు మట్టానికీ మధ్య ఉండే ఎత్తు తేడా విశాఖపట్నంలో ఎక్కువగా ఉండే రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరు కాగా, సూరత్ తీరంలో అది ఐదారు మీటర్లకు చేరుతుంది, మరికొంత ఉత్తరాన భావనగర్ దగ్గర 10 మీటర్లు దాటుతుంది. దీనికి కారణం ఈ తీరాలను ఆనుకుని ఉన్న ఖంభాత్ సింధుశాఖ ఆకారం. అరేబియా సముద్రం నుంచి వచ్చే పోటు అల వెడల్పాటి ముఖద్వారంలో ప్రవేశించి, లోపలికి పోయేకొద్దీ గరాటులాగా ఇరుకవుతూ లోతు తగ్గుతూ ఉన్న నేల మీదుగా సాగవలసి రావడం వల్ల, పక్కలకు విస్తరించే వీలు లేక ఎత్తుకు పెరుగుతుంది.

తెలుగు పాఠకులకు ఈ తేడా పుస్తక జ్ఞానం మాత్రమే కాదు. సూరత్ బట్టల పరిశ్రమలో పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో చాలాకాలంగా స్థిరపడి ఉన్నాయి, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది. సెలవు రోజు సాయంత్రం సముద్రం చూడాలంటే నగరవాసులందరిలాగే ఈ కుటుంబాలకూ దగ్గరి చోటు డుమసే. సముద్రం లేని జిల్లాల నుంచి వచ్చినవారికి పోటుపాట్ల మీద అంచనా తక్కువగా ఉండటం సహజం. విశాఖ, కాకినాడ తీరాలు తెలిసినవారికైతే ఆ అనుభవమే ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది.

డుమస్ నల్ల ఇసుకకూ, ఆ ఒడ్డున దయ్యాలు తిరుగుతాయనే కథలకూ పేరుపడింది. అక్కడి శ్మశానాన్ని ఆధారం చేసుకుని, రాత్రి నడిచి వెళ్లినవారు తిరిగి రాలేదని చెప్పే ఈ కథలకు రుజువులు లేవు. అయితే దయ్యాల పేరుతోనైనా జనాన్ని చీకటి పడ్డాక ఒడ్డు నుంచి దూరంగా ఉంచడం వల్ల ఆ కథలు పోటుపాట్ల పట్టిక చేయవలసిన పనిని కొంతవరకు చేస్తున్నాయని ఒప్పుకోవాలి.

పోటు ఎలా పెరుగుతుందో తెలిస్తే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. నీరు ఆరు గంటల పాటు ఒకే వేగంతో పెరగదు. మొదటి గంటలో మొత్తం ఎత్తులో 12వ వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఆ తరువాత మళ్లీ రెండు, ఒకటి చొప్పున పెరుగుతుందని నావికులు వాడే స్థూలమైన లెక్క ఒకటుంది. దాని ప్రకారం ఆరు మీటర్ల పోటులో సగం, అంటే మూడు మీటర్లు, నడుమ ఉన్న రెండు గంటల్లోనే వస్తుంది. ఏటవాలు చాలా తక్కువగా ఉన్న తీరంలో మూడు మీటర్ల ఎత్తు అంటే వందల మీటర్ల నేల మునగడం. మొదటి గంటను చూసి నీరు మెల్లగా వస్తున్నదని నిశ్చయించుకున్నవాడు మూడో గంటలో చిక్కుకుంటాడు. పైగా నీరు ఎదురుగానే రాదు. పాటు సమయంలో ఇసుక తిన్నెల వెనక పల్లంగా మిగిలిన కాలువల్లోకి, స్థానికులు ఖాడీ అని పిలిచే పాయల్లోకి అది ముందుగా చేరి, నడిచే మనిషికీ గట్టుకీ మధ్య నిలుస్తుంది. పగలైతే వెనక మెరిసే నీరు కంటపడుతుంది, రాత్రి అది కాలికి తగిలేదాకా తెలియదు. గట్టి ఇసుకకూ, మోకాలు దిగబడే బురదకూ తేడా కూడా చీకట్లో కనిపించదు.

వెన్నెల ఉంటే ఈ కష్టం తీరుతుందనుకోవడం సహజమే కానీ, ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వచ్చే పున్నమి, అమావాస్యలప్పుడు సూర్యచంద్రుల ఆకర్షణలు కలిసి పనిచేయడం వల్ల పోటు అత్యధికంగానూ పాటు అత్యల్పంగానూ ఉంటాయి, వీటినే పాఠ్యపుస్తకాలు పర్వవేలా తరంగాలు అంటాయి. అష్టమి ప్రాంతంలో ఆ తేడా బాగా తగ్గుతుంది. అంటే నడకకు వెలుగు సమృద్ధిగా ఉండే రాత్రే నీరు అన్నిటికంటే ఎక్కువగా పెరిగే రాత్రి కూడా. ముంబైలో పున్నమి నాటి పోటు అర్ధరాత్రికి దగ్గరగా నిండితే, సూరత్ వైపు ఇంకాస్త ఆలస్యంగా నిండుతుంది. కనుక ఆ సాయంత్రం బయలుదేరినవారికి సముద్రం బాగా వెనక్కి తీసి, విశాలంగా పరుచుకున్న తడినేల వెన్నెల్లో ఎంత దూరమైనా నడవమని పిలుస్తున్నట్లు ఉంటుంది, తిరిగి రావలసిన వేళకు ఆ నేల ఉండదు. తిథిని బట్టి పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, తీరవాసులకు పంచాంగం ఒకరకంగా పోటుపాట్ల పట్టిక కూడా.

ఈ ప్రాంతంలో జరిగిన రాత్రి నడకల్లో చరిత్రకెక్కినవి 1930 నాటి ఉప్పు సత్యాగ్రహ యాత్రకు చెందినవి. దాండీ ఇప్పుడు నవసారి జిల్లాలో ఉన్నా ఆనాడు సూరత్ జిల్లాలోనిదే. మార్చి 12న సబర్మతి నుంచి గాంధీ వెంట బయలుదేరినవారిలో ఆంధ్ర నుంచి యెర్నేని సుబ్రహ్మణ్యం ఉన్నారు. ఉదయం, సాయంత్రం నడిచి మధ్యాహ్నం విశ్రమించే పద్ధతి పెట్టుకోవడం వల్ల సాయంకాలపు మజిలీ చేరేసరికి తరచుగా చీకటి పడేది. ఖంభాత్ సింధుశాఖలో కలిసే మహీ నదిని వారు మార్చి 19 రాత్రి కంకాపురా దగ్గర దాటారు. నదిలోకి సముద్రపు పోటు వచ్చే చోటది, పడవ తేలాలంటే పోటు కోసం ఆగాలి, ఒడ్డు చేరాలంటే బురదలో నడవాలి. పున్నమి దాటి నాలుగైదు రోజులైనందున చంద్రుడు పొద్దుపోయాక గానీ ఉదయించని రాత్రి అది. అరవై ఏళ్ల మనిషి నడిపిన ఆ బృందం పోటు వేళకు తలవంచి, పడవలోనూ బురదలోనూ అవతలి గట్టు చేరింది.

దీపం సంగతి మార్చి 29న సూరత్ జిల్లాలోని భట్‌గామ్ సభలో చర్చకు వచ్చింది. మరుసటి రోజే అమావాస్య కనుక ఆ రాత్రుల నడకకు వెలుగు తప్పనిసరి అయింది. కిట్సన్ దీపాన్ని, అంటే మన పెట్రోమాక్స్ లైటు జాతికి చెందిన బరువైన కిరసనాయిలు దీపాన్ని, ఒక కూలీ నెత్తిన పెట్టుకుని యాత్రికులకు దారి చూపుతూ పరుగులాంటి నడకతో సాగుతుండటం గాంధీ చూశారు. ఆ దృశ్యం చూడలేక ఆయన వేగం పెంచితే, ఆ కూలీని కూడా ఇంకా వేగంగా పరుగెత్తించారు. ఇతరుల నెత్తిన బరువు మోపి స్వరాజ్యం కోసం నడుస్తున్నామా అని ఆయన ఆ సభలో తనవారినీ తననూ కూడా నిలదీసుకున్నారు. యాత్ర ఏప్రిల్ 1న సూరత్ నగరానికీ, 2న నేటి నగరంలో కలిసిపోయిన డిండోలీకీ, 5న దాండీకీ చేరింది. గమనించవలసినది ఏమిటంటే, సముద్రానికే వెళ్తున్న ఆ యాత్ర సముద్రపు ఒడ్డు వెంట సాగలేదు. ఊళ్లను కలుపుతూ లోపలి బాటనే పట్టింది.

తీరం తెలిసినవారు ఇతర దేశాల్లోనూ ఇంతే జాగ్రత్తగా ఉంటారు. ఇంగ్లండులోని మోర్‌కంబ్ అఖాతంలో పాటు వేళ ఇసుక మీదుగా నడిచి దాటేవారికి దారి చూపడానికి రాజు నియమించిన మార్గదర్శి పదవి 16వ శతాబ్దం నుంచి ఉన్నది. అయినా 2004 ఫిబ్రవరి 5 రాత్రి అక్కడ గుల్లలు ఏరుతున్న చైనా కూలీలు పోటులో చిక్కుకుని కనీసం 21 మంది చనిపోయారు. తమను పనికి తెచ్చినవారు పోటు వేళ పట్టించుకోకపోవడం వారి ప్రాణాల మీదికి వచ్చింది.

ఇక సూరత్‌లో ఊరి నుంచి ఊరికి దారి విషయానికి వస్తే, డుమస్ నుంచి ఎదురుగా రాత్రంతా పరిశ్రమల దీపాలతో వెలిగే హజీరాకు ఒడ్డు వెంట పోవడం ఏ వేళలోనూ కుదరదు, మధ్యలో తాపీ ముఖద్వారం ఉన్నది. మగదల్లా వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. దక్షిణాన ఉభ్రాట్ వైపు మీంఢోళా నది, దాండీ వైపు పూర్ణా నది అడ్డం వస్తాయి. ఈ నదుల మధ్య ముక్కల్లో పగటిపూట, పాటు మొదలైన తరువాత, గట్టు కనుచూపులో ఉండేలా నడవవచ్చు. భారత సర్వేక్షణ సంస్థ ఏటా పోటుపాట్ల పట్టికలు ప్రచురిస్తుంది, బయలుదేరే ముందు ఆ వేళలు చూసుకోవాలి. చీకటి పడ్డాక మాత్రం ఈ తీరంలో పక్క ఊరికి వెళ్లేవారు రోడ్డు మీదనే వెళ్లాలి.